అయ్యగారింటికి ఓసారి వెళ్ళిరా

కొత్త అయ్యగారు మన గుడికి వచ్చి నిండా నెల కాలేదు. అప్పుడే నువ్వొక మాట, మీ అక్క ఇంకో మాట. నువ్వేమో "పాత అయ్యగారి ప్రసంగంలో ఉన్న వేడి ఈయనలో లేదు, అసలీయనకి సేవ పిలుపు ఉందంటావా నాయనమ్మా?" అంటావు. మీ అక్కేమో మొదటి ఆదివారమే కళ్ళనీళ్ళు పెట్టుకుని "ఇలాంటి దైవసేవకుణ్ణి నేనెక్కడా చూడలేదు" అంటుంది. ఇద్దరూ మంచి పిల్లలే. ఇద్దరికీ గుడంటే ప్రేమ ఉంది. ఇద్దరికీ ఉన్నది ఒకటే జబ్బు, తొందర. ఇలా వచ్చి గడప మీద కూర్చోండి, కాసేపు నన్ను చెప్పనివ్వండి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. మనిషి సంగతి ఒక్క ఆదివారంతో తేలదు నాన్నా. ఆదివారం నువ్వు చూసేది తెల్ల అంగీ, మైకు, ముప్పావుగంట ప్రసంగం. సోమవారం నుంచి శనివారం దాకా ఆయన ఎవరి మంచం పక్కన కూర్చున్నాడో, ఎవరింటి తగువు తీర్చలేక తిరిగొచ్చాడో, రాత్రి ఏ వేళకి అన్నం తిన్నాడో నీకు తెలుసా? తెలియదు. తెలియనప్పుడు మంచీ అనకు, చెడ్డా అనకు. ముందు వెళ్ళి చూడు.

యూత్ మీటింగులో ఆయన్ని నిలబెట్టి, ఫోన్లో వీడియో తీస్తూ, "అయ్యగారూ, మీ పిలుపు గురించి పది నిమిషాల్లో చెప్పండి" అని అడుగుదామని అనుకుంటున్నారట కదా. వద్దు. పది నిమిషాల్లో మైకు ముందు వచ్చేది ఎవరికైనా ఒకటే కథ: జబ్బు చేసింది, అమ్మ మొక్కుకుంది, బాగయింది, సేవకి అంకితమయ్యాను. అది నిజమే కావచ్చు, అబద్ధమని నేననను. కానీ ఉద్యోగం చేసి చెల్లెలి పెళ్ళి చేస్తాడనుకున్న కొడుకు బైబిల్ కాలేజీకి వెళ్తానంటే ఆ తండ్రి ఎన్నాళ్ళు మాట్లాడలేదో, ఇంటి అప్పు ఎవరు తీర్చారో, మొదటి పల్లెలో జీతం రాని నెలల్లో ఇల్లెలా గడిచిందో మైకులో చెప్పే సంగతులు కావు. ఇంట్లో, అరుగు మీద, టీ చల్లారిపోతుంటే చెప్పే సంగతులు. అందుకే ఇంటికి వెళ్ళమంటున్నాను.

వెళ్ళడానికీ ఒక వేళ ఉంది. శనివారం సాయంత్రం వెళ్ళకు, ఆయన వాక్యం సిద్ధం చేసుకునే వేళ. ఆదివారం గుడి అయ్యాక అసలే వెళ్ళకు. గొంతు బొంగురుపోయి ఉంటుంది, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగి ఉండడు, చుట్టూ పదిమంది నిలబడి "మా ఇంటికి రాలేదేం అయ్యగారూ" అంటుంటారు. మంగళవారమో బుధవారమో నాలుగు దాటాక వెళ్ళు. ముందు ఫోన్ చేసి అడుగు. వట్టి చేతులతో వెళ్ళకు. మన పెరట్లో గుమ్మడికాయలున్నాయి, ఒకటి పట్టుకెళ్ళు. అమ్మగారు టీ ఇస్తే వద్దనకు.

వెళ్ళగానే "మీకు దేవుడి స్వరం వినిపించిందా?" అని అడగొద్దు. అది పరీక్ష పెట్టినట్టుంటుంది. నెమ్మదిగా అడుగు. మీ సొంతూరేది అయ్యగారూ, మీ నాన్నగారు మిమ్మల్ని ఏం చదివిద్దామనుకున్నారు, నువ్వు సేవకి పనికొస్తావని మొదట ఎవరన్నారు, వద్దన్నవాళ్ళెవరు, వదిలేసి వెళ్ళిపోదామని ఎప్పుడైనా అనిపించిందా. ఈ చివరి మాట మొదటిరోజే అడగకు సుమా. మూడోసారి వెళ్ళినప్పుడు అడుగు. మనసులో దిగులు చెప్పుకోవడానికి ఆయనకీ నమ్మకం కుదరాలి కదా.

పిలుపు అంటే ఒక రాత్రి కలలో వచ్చి తెల్లారేసరికి తేలిపోయే సంగతి అనుకుంటున్నారు మీరంతా. సండేస్కూల్లో చెప్పుకున్న సమూయేలు కథ గుర్తుందా? చీకట్లో పిలుపు వినబడితే ఆ పిల్లాడు మూడుసార్లూ పరుగెత్తింది ముసలి ఏలీ దగ్గరికే. పిలిచింది దేవుడని పిల్లాడికి తెలియలేదు, మూడోసారికి ముసలాయనకి తెలిసింది. విన్నది ఒకరు, గుర్తుపట్టింది ఇంకొకరు. అందుకే నేనంటాను, ఏ అయ్యగారి కథలోనైనా ఒక ఏలీ ఉంటాడు. ఊళ్ళో పాత బోధకుడో, సండేస్కూలు టీచరమ్మో, ఉపవాసం ఉండి ఏడ్చిన తల్లో. ఆ మనిషి గురించి అడుగు. "నేనే విన్నాను, నేనే వచ్చాను, నాకెవరూ చెప్పలేదు" అనేవాళ్ళ విషయంలో మాత్రం ఇంకాస్త ఆగి చూడు.

మన సంఘాల్లో అలా ఆగి చూడటానికి ఒక పద్ధతి పెట్టారు పెద్దలు. సొంత సంఘం కమిటీ ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాత డయోసిస్ వాళ్ళు పిలిచి అడుగుతారు. ఆపైన ఏళ్ళ తరబడి చదువు. హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది కదా, 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ వెళ్ళింది. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్ళు, మెథడిస్టులు అందరి పిల్లలూ అక్కడ ఒకే బల్ల మీద అన్నం తిని చదువుకున్నవాళ్ళే. గ్రీకు, హీబ్రూ నేర్చుకుంటారు. అదయ్యాకైనా వెంటనే పెద్ద గుడి ఇవ్వరు. ముందు డీకన్ చేస్తారు, తర్వాత ప్రెస్బిటర్. ఇన్ని గడపలు దాటి వచ్చినాయన్ని నువ్వు రెండు ప్రసంగాలు విని పిలుపు లేదంటే ఎలా నాన్నా?

ఈ కాలేజీ మెట్లు ఎక్కనివాళ్ళూ ఉన్నారు. టైలర్ పని చేస్తూనో, లారీ తోలుతూనో రక్షణ పొంది, తాటాకు పాకలో నలుగురితో కూటం మొదలుపెట్టినవాళ్ళు. వాళ్ళలో నేను కాళ్ళకి దణ్ణం పెట్టదగ్గవాళ్ళని చూశాను. వాళ్ళకి కాగితం లేదు కాబట్టి ఊరే సాక్ష్యం. ఆ పాక పక్కనున్న కిరాణా కొట్టువాణ్ణి అడుగు, బాకీ తీరుస్తాడా అని. ఇంటి ఓనరుని అడుగు. తిమోతికి పౌలు రాసిన ఉత్తరంలోనూ అదే కదా ఉంది, ఇల్లు సరిగా నడుపుకునేవాడా, బయటివాళ్ళ దగ్గర మంచిపేరున్నవాడా, మొన్నమొన్న నమ్మినవాడు కాకూడదు అని. బాగా పాడతాడా, పెద్దగా అరుస్తాడా అని ఆయన ఎక్కడా అడగలేదు.

మొన్న ప్రసంగంలో ఆయన రెండుచోట్ల తడబడ్డాడనే కదా నీ బాధంతా. తడబాటే తప్పయితే మోషేని ఏం చేద్దాం? నా నోరు తిరగదు, ఇంకెవరినైనా పంపు అని దేవుడితోనే వాదించినాయన. అంత దూరం ఎందుకు, మన డోర్నకల్ అజరయ్య బిషప్‌గారి సంగతే తీసుకో. ఆయన తిరునల్వేలి సీమలో ఒక పల్లె పాస్టరుగారి కొడుకు. తమిళం ఆయన తల్లిభాష. వైఎంసీఏలో పెద్ద పని చేస్తూ ఊరూరా తిరిగిన మనిషి, 1909లో, 35 ఏళ్ళ వయసులో, అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. అప్పుడది నిజాం రాజ్యంలో ఒక మూల. ఆ వయసులో తెలుగు నేర్చుకుని, మాలపల్లెల్లో మాదిగపల్లెల్లో చెట్ల కింద, గుడారాల్లో చెప్పారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తర్వాత మన కృష్ణా గోదావరి వైపు కూడా ఆ డయోసిస్ కిందికే వచ్చింది. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ వదల్లేదు, అక్కడే సమాధి. ఆయన తెలుగులో మొదటి ఆదివారం చేసిన ప్రసంగం విని, మాట తమిళంలా ఉందని మన ముత్తాతలు లేచి వెళ్ళిపోయి ఉంటే పోయేది ఎవరికి?

ఇక మీ స్నేహితుడి పెళ్ళి సంగతి. ముహూర్తం దగ్గరపడింది, ప్రకటనలు లేకుండా కానిచ్చేయండి అంటే అయ్యగారు కుదరదన్నారని, మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదవాల్సిందే అన్నారని మీకందరికీ కోపం. "ప్రేమ లేని మనిషి" అని కూడా అన్నావు. నేను విన్నాను. ఆ మాట నాకు నచ్చలేదు. ఆ పిల్ల ఎవరో, ఇటుపక్క ఏదైనా అభ్యంతరం ఉందో, రేపు ఎవరైనా వచ్చి గోల చేస్తే ఆ పిల్ల బతుకేమవుతుందో ఆలోచించినవాడే కుదరదంటాడు. సరే అనడం చాలా సులువు. సరే అంటే కవరు వస్తుంది, బిర్యానీ వస్తుంది, మంచివాడన్న పేరూ వస్తుంది. కుదరదన్నాడంటే ఆ మనిషికి పిలుపు ఉందేమోనని నాకనిపించింది అప్పుడే.

ఆగమని చెప్పడం అంటే గుర్తొచ్చింది, ఒంగోలు సంగతి ఒకటి మీ తాతయ్య చెప్పేవారు, నీకు గుర్తుండకపోవచ్చు. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జూయెట్ దొరగారూ ఆయన భార్యా, ముగ్గురు మనవాళ్ళూ ఒంగోలు దగ్గర కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. ఆ సేవకుడు, క్లౌ దొరగారు, ఒంగోలులో కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది. పన్నెండేళ్ళు! తర్వాత 1876లో పెద్ద కరువు పట్టుకుంది. జనం ఆకులూ దుంపలూ తిని చస్తున్నారు. క్లౌ గారు వయసులో సర్వేయర్ పని చేసినాయన. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి పనీ కూలీ ఇప్పించాడు. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. తట్ట దించి కాస్త కూర్చున్నప్పుడల్లా వాళ్ళతో మాట్లాడేవారు.

ఆ జనం వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు. వేలమంది. ఏ దొరకైనా సంబరమే కదా? ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారని రేపు ఎవరూ అనకూడదు, వాళ్ళకి వాళ్ళకే ఆ అనుమానం ఉండకూడదు అని ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదు మీ ఊళ్ళకి వెళ్ళండి అని చెప్పాక కూడా వాళ్ళు వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరు. జనం ఆ 2,222 అంకెనే చెప్పుకుంటారు. నేను మాత్రం దానికి ముందు గడిచిన నెలల గురించే ఆలోచిస్తాను. ఎదురుగా అంతమంది అడుగుతుంటే ఆగమని చెప్పడానికి ఎంత గుండె కావాలి. మన అయ్యగారు మూడు ఆదివారాలు ఆగమన్నారు, అంతే కదరా.

ఒకప్పుడు మన గుళ్ళో ఉన్న ఒక అయ్యగారి సంచీ నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. ఖాకీ గుడ్డ సంచీ, ఒక పట్టీ తెగితే అమ్మగారు నల్లదారంతో కుట్టారు. అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, మంచం దిగలేని వాళ్ళకి ప్రభు భోజనం ఇవ్వడానికి చిన్న గిన్నె, చిన్న సీసా, ఒక టార్చిలైటు, ఒక లెక్కల నోటుబుక్కు. ఓసారి మా ఇంట్లో ఆ నోటుబుక్కు మర్చిపోయి వెళ్ళారు. మూసిన పుస్తకం మూసినట్టే ఇచ్చిరావాల్సింది, ఎవరిదోనని తెరిచాను. ఒక్కో పేజీలో ఇంటిపేర్లు, పక్కన పెన్సిల్‌తో రెండు మాటలు: "మోకాలు", "కొడుకు ఫోను లేదు", "ఫీజు", "తాగుడు మానాడు, మంగళవారం మళ్ళీ వెళ్ళాలి". ఆయన ప్రసంగాలు ఒక్కటీ గుర్తులేవు నాకు. గొప్పగా చెప్పేవారు కాదు. కానీ మంగళవారం మళ్ళీ వెళ్ళేవారు. తాగుడు మానినవాడి ఇంటికి మొదటిసారి ఎవరైనా వెళ్తారు నాన్నా, మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాళ్ళు ఎందరుంటారు?

ఇప్పుడు మీ అక్కకి ఒక మాట. తల్లీ, కన్నీళ్ళు వస్తే రానీ, తప్పులేదు. కానీ ఎవరు ఏడిపిస్తే వాళ్ళకి ఇంటి గుట్టంతా చెప్పేయకు. ఏ దైవసేవకుడైనా సరే, ఒంటరిగా గదిలో ప్రార్థన చేస్తానంటే వెళ్ళకు. అమ్మగారు ఉన్నప్పుడు వెళ్ళు, అమ్మని తోడు తీసుకెళ్ళు. మంచివాడు తనే తలుపు బార్లా తీసిపెట్టి మాట్లాడతాడు. కానుక ఇచ్చావంటే గుళ్ళో ఇవ్వు, ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి పుస్తకంలో రాసేచోట. మాత్రలు మానెయ్, నూనె రాసుకుంటే చాలు అని ఎవరైనా అన్నారంటే, బీపీ మాత్రైనా సరే, ఫిట్స్ మాత్రైనా సరే, అక్కణ్ణించి లేచి వచ్చెయ్. నాకు చెప్పు, మీ నాన్నకి చెప్పు, సంఘ పెద్దలకి చెప్పు. గౌరవం పేరు చెప్పి నోరు మూసుకుంటే ఇళ్ళు కూలిపోతాయి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మన అయ్యగారి మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఆయన గురించి కూడా నిదానంగానే తెలుసుకో అంటున్నాను.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. అయ్యగారిని తెలుసుకోవాలంటే అమ్మగారితో కూర్చో. ఆవిడకి ఎవరూ అభిషేకం చెయ్యలేదు, ఎవరూ జీతం ఇవ్వరు. స్త్రీల సమాజం ఆవిడదే, సండేస్కూలు ఆవిడదే, ఏ వేళప్పుడు ఎవరొచ్చినా టీ ఆవిడదే. నాలుగైదేళ్ళకోసారి బదిలీ. వేసవిలో సామాన్లు కట్టడం, పిల్లలకి కొత్త బడి, కొత్త స్నేహాలు. పెరట్లో పెట్టిన మామిడి మొక్క కాయ కాసేసరికి ఇంకో అయ్యగారి పిల్లలు తింటారు. మొన్న నేను వెళ్తే వాళ్ళ అట్టపెట్టెలు ఇంకా సగం విప్పలేదు. "అన్నీ విప్పితే మళ్ళీ కట్టాలి కదమ్మా" అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు మాట రాలేదు. ఆవిణ్ణి కూడా అడుగు, అమ్మగారూ మీరెలా ఒప్పుకున్నారు ఈ బతుక్కి అని. ఆవిడ పిలుపు గురించి ఇంతవరకూ ఏ సంఘంలోనూ ఎవరూ అడిగి ఉండరు.

అక్కడ విన్నవన్నీ అక్కడే వదిలిపెట్టి రావాలి. నువ్వు చెప్పుకున్న సంగతులు ఆయన గడప దాటనివ్వకూడదని కోరుకుంటావు కదా, ఆయన ఇంటి సంగతులు నువ్వూ దాటనివ్వకు. యూత్ గ్రూపులో పెట్టకు. నీ ప్రాణస్నేహితుడికి కూడా చెప్పకు.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. నాలుగుసార్లు వెళ్ళొచ్చాక నీకూ ఒక ఊపు రావచ్చు. నేనూ సేవకి వెళ్తాను, ఉద్యోగం మానేస్తాను అనొచ్చు. అంటే నేను సంతోషిస్తాను, దేవుడి మీద ఆన. కానీ ఆ రోజే రాజీనామా ఇవ్వకు. ముందు మీ అమ్మకి చెప్పు, మీ నాన్న కోపం పూర్తిగా విను. లోను వాయిదాలు ఉంటే ఎవరు కడతారో ఇంట్లో కూర్చుని లెక్క వెయ్యి. ఒక ఏడాది ఎవరూ చూడని పని చెయ్యి. ఆదివారం పొద్దున్నే వెళ్ళి గుడి ఊడ్చు, చాపలు దులుపు, ముసలమ్మల్ని ఆటో ఎక్కించు. మైకు పట్టుకోకు. ఏడాది తర్వాత కూడా ఆ కోరిక అలాగే ఉంటే అయ్యగారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను. అజరయ్య గారు 35 ఏళ్ళకి కదా డోర్నకల్ రైలెక్కింది. నీకింకా ఇరవై మూడు.

సరే, లే. మంగళవారం వెళ్ళు, ఫోన్ చేసి వెళ్ళు. అయ్యగారి పెద్దబాబు ఈ ఏడు పదో తరగతి, మూడు బళ్ళు మారేసరికి లెక్కల్లో వెనకబడ్డాడని అమ్మగారు బాధపడుతోంది, ట్యూషన్ పెట్టించే తాహతు లేదు. నువ్వు ఇంజనీరింగు చదివావు. వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు, పబ్లిక్ పరీక్షలు మార్చిలోనే. గుమ్మడికాయ మర్చిపోకు, ముచ్చికతో కోస్తేనే నిలవుంటుంది, కత్తిపీట వంటింట్లో ఉంది.